ఆకు, తంబాకు, వేలి కొస

కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ వాడల్లో ఏ అరుగు మీద చూసినా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేసే ఆడవాళ్లు కనిపిస్తారు. బీడీ ఆరోగ్యానికి చేటే. అలాగని ఆ చేతుల నేర్పును చిన్నచూపు చూడటం నాకు నచ్చదు.

పని అడవిలోనే మొదలవుతుంది. ఆదిలాబాద్ అడవుల్లో ఎండాకాలానికి ముందే తునికి పొదలు కొట్టేస్తారు. కొత్తగా వేసే చిగుళ్ల ఆకే మెత్తగా, చుట్టడానికి అనువుగా ఉంటుంది. దాన్ని కోసి, 50 ఆకులకో కట్ట కట్టి, కల్లంలో ఆరబెడతారు. చుట్టే ఇంటికి చేరాక ఆ ఎండాకును మళ్లీ నానబెట్టి తడిగుడ్డలో చుట్టి పెట్టాలి. తడి ఎక్కువైతే బూజు, తక్కువైతే చుట్టేటప్పుడే చిట్లుతుంది. ఆ పదును చేత్తో పట్టుకు చూసి చెప్పేస్తారు. తర్వాత రేకు కొలత పెట్టి, లావు ఈనెలు తప్పించి కత్తెరతో కోస్తారు.

ఇక చుట్టడం. ఎడమచేతిలో ఆకు, కుడిచేతి వేళ్లతో చిటికెడు తంబాకు. అది గ్రాములో నాలుగో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. తూచే పనే లేదు. నోటి వైపు సన్నగా, వెలిగించే వైపు వెడల్పుగా ఒక్క దొర్లింపులో చుట్టి, వెడల్పు కొసను లోపలికి ముడిచి, సన్న కొసకు దారం చుడతారు. బిగిస్తే గాలి ఆడదు, వదిలేస్తే పొడి రాలుతుంది. చూసేవాళ్లకు కన్ను ఆనేలోపు బీడీ చాటలో పడుతుంది!

ఆ చిటికెడులో ఉన్న ఘాటు తక్కువేం కాదు. ఒక పరీక్షలో బీడీ తంబాకులో గ్రాముకు 21 మిల్లీగ్రాముల దాకా నికోటిన్ తేలింది, ఫిల్టర్ సిగరెట్ పొగాకులో 16. పైగా తునికాకు కాగితమంతగా గాలి చొరనివ్వదు, ఆరిపోకుండా వెంటవెంటనే లాగాలి. పోల్చి చూస్తే, 2019లో మన దేశం నిషేధించిన ఈ-సిగరెట్‌లో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్, సువాసనలు కలిపిన ద్రవం ఉంటుంది. సీసా మీద మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల నికోటిన్ ఉందో రాస్తారు. 20 అంటే నూటికి రెండు పాళ్లు. అక్కడైనా ఇక్కడైనా ఒంట్లోకి చేరేదెంతో తేల్చేవాటిలో ఎంత గట్టిగా, ఎన్నిసార్లు లాగారన్నదీ ఒకటి.

బీడీ తాగకపోయినా, చుట్టే ఆడవాళ్ల ఒంట్లోకీ నికోటిన్ చేరుతుంది. అది చర్మం గుండా ఇంకుతుంది, తంబాకు దుమ్ము ఊపిరిలోకి పోతుంది. ఇంట్లో కూర్చుని చుట్టే మనిషినీ 1966 నాటి బీడీ కార్మికుల చట్టం కార్మికురాలిగానే లెక్కించింది. ఆమె ఒంటికి కాపలా మాత్రం కష్టమే. చేతికి తొడుగు వేసుకుంటే ఆకు పదును వేలి కొసకు అందదు, చెయ్యి నెమ్మదిస్తుంది. కూలి ఇచ్చేదేమో వెయ్యి బీడీల లెక్కన.