చూపుకు అర్థం చెప్పేదెవరు? కంటిచూపు సంభాషణలో సంస్కృతి, అధికారం

ఉపోద్ఘాతం

కంటిచూపుకు అన్ని సమాజాలలోనూ ఒకే అర్థం ఉండదని, అది సంస్కృతిని బట్టి మారుతుందని సంభాషణా నైపుణ్యాల పాఠ్యపుస్తకాలు తరచుగా చెబుతాయి. పాశ్చాత్యులు ఎదుటివారి కళ్ళలోకి చూసి మాట్లాడటాన్ని నిజాయితీకి గుర్తుగా భావిస్తారనీ, ఆసియా సమాజాలు చూపు దించుకోవడాన్ని గౌరవంగా పరిగణిస్తాయనీ అవి రెండు గడుల పట్టిక గీస్తాయి. ఈ ప్రతిపాదన పూర్తిగా అసత్యం కాదు. అయితే ఒకే సంస్కృతిలో ఎవరు తలెత్తి చూడవచ్చునో, ఎవరు తలదించుకోవాలో, ఆ రెండింటికీ అర్థం నిర్ణయించే హక్కు ఎవరిదో ఈ పట్టిక చెప్పదు. ఈ లోపాన్ని ఒక న్యాయస్థాన ఉదంతం, తెలుగు నుడికారం, రెండు తెలుగు కావ్యాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిశోధనల పరిధి

ఆడమ్ కెండన్ 1967లో ప్రచురించిన అధ్యయనం ఇద్దరి మధ్య సాగే సంభాషణలో చూపు నిర్వహించే పనులను వివరించింది. వక్త సుదీర్ఘంగా మాట్లాడటం మొదలుపెట్టేటప్పుడు చూపు పక్కకు తిప్పుకోవడం, ముగించేటప్పుడు శ్రోతవైపు చూసి మాట అందించడం ఆయన గుర్తించిన అంశాలు. అంటే చూపు మరల్చడం ప్రతిసారీ దాపరికం కాదు; ఆలోచనను కూడగట్టుకొనే వ్యవధి కూడా కావచ్చు.

1970లో వెలువడిన మైకేల్ వాట్సన్ అధ్యయనం వివిధ దేశాలవారిని పోల్చింది. అరబ్బులు, లాటిన్ అమెరికన్లు, దక్షిణ యూరోపియన్లు ఎదుటివారిని ఎక్కువ సూటిగా చూస్తారనీ, ఆసియావాసులు, భారత పాకిస్తానీయులు, ఉత్తర యూరోపియన్లు అంతకంటే తక్కువగా చూస్తారనీ అది తేల్చింది. ఈ ఫలితంలోనే పైన చెప్పిన పట్టికకు ఖండన ఉంది. ఉత్తర యూరోపియన్లూ భారతీయులూ ఇక్కడ ఒకే వైపు నిలిచారు. పైగా పరిశీలనకు తీసుకొన్నది అమెరికాలో చదువుకొంటున్న విదేశీ పురుష విద్యార్థులను. కులం, లింగం, వర్గం వంటి భేదాలకు ఆ వర్గీకరణలో చోటు లేదు. ఉపఖండమంతా ఒక్క గడిలో ఇమిడిపోయింది.

మన ప్రాచీన నాట్యశాస్త్రం ఇంతకంటే సూక్ష్మంగా ఆలోచించింది. రసదృష్టులు 8, స్థాయిదృష్టులు 8, సంచారిదృష్టులు 20, మొత్తం 36 దృష్టులను భరతుడు నిరూపించాడు. చూడటం, చూడకపోవడం అనే రెండు గడులతో ఈ విషయం తేలదని ఆ లెక్కే చెబుతున్నది.

తెలిసినంత మాత్రాన న్యాయం జరుగుతుందా?

సాంస్కృతిక భేదాన్ని వివరిస్తే అపార్థం తొలగుతుందన్న విశ్వాసానికి ఆస్ట్రేలియాలో గట్టి పరీక్ష ఎదురైంది. అక్కడి ఆదివాసులు చూపు కలపకపోవడం గౌరవసూచకం కావచ్చుననీ, ప్రశ్నకు జవాబుగా మౌనం వహించడం నేరాంగీకారం కాదనీ న్యాయవాదులకు తెలియజేస్తూ భాషాశాస్త్రవేత్త డయానా ఈడ్స్ 1992లో ఒక కరదీపిక రచించారు. 1994లో బ్రిస్బేన్ నగరంలో ఆరుగురు పోలీసులు 12, 13, 14 ఏళ్ళ ముగ్గురు ఆదివాసీ బాలురను కార్లలో ఎక్కించుకొనిపోయి, రాత్రివేళ పింకెన్బా అనే పారిశ్రామిక ప్రాంతంలో వదిలేశారు. మరుసటి సంవత్సరం జరిగిన ప్రాథమిక విచారణలో సాక్షులుగా నిలిచిన ఆ బాలురు తీవ్రమైన ఎదురు ప్రశ్నలకు లోనయ్యారు. పోలీసులపై ఆరోపణలు విచారణ దశ దాటలేదు. కరదీపికలోని పరిజ్ఞానమే ఎదుటి పక్షపు న్యాయవాదులకు సాధనమైందని ఈడ్స్ తరువాత విశ్లేషించారు. సాంస్కృతిక భేదం గురించిన జ్ఞానం దానంతటదే బలహీనుడి పక్షాన నిలవదు. ఆ జ్ఞానం ఎవరి చేతిలో ఉన్నదనేది ముఖ్యం.

తెలుగు నుడికారం చెప్పే సాక్ష్యం

ఇదే ప్రశ్నను మన సమాజానికి అన్వయించి చూడవలసి ఉంది. తెలుగువారికి చూపు దించుకోవడమే మర్యాద అన్న సూత్రీకరణ మన నుడికారం ముందు నిలవదు. అబద్ధమని అనుమానించిన పెద్దలు పిల్లవాడిని “నా కళ్ళలోకి చూసి చెప్పు” అంటారు. ఎదురు చెప్పాడనుకొంటే అదే నోటితో “ఏమిటా చూపు? కళ్ళు దించు” అంటారు. ఈ రెండు ఆజ్ఞలూ పరస్పర విరుద్ధాలు. అయినా ఒకే ఇంట, ఒకే వ్యక్తి నుంచి వెలువడుతాయి. రెండింటిలోనూ మారనిది ఆజ్ఞాపించేవారి స్థానం. ‘పెళ్ళిచూపులు’ అనే మాటలో చూపు ఇరుపక్షాలదిగా ధ్వనించినా, సంప్రదాయంలో నిస్సంకోచంగా చూసే హక్కు వరునివారిది, తల వంచుకొని కూర్చోవలసిన బాధ్యత వధువుది. ‘చిన్నచూపు’ అన్న సమాసం చూడటాన్నే తక్కువచేయడంగా మార్చింది.

కావ్యాలలో చూపు

ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడు శివలింగం కంట రక్తం చూసి తన కన్ను పెకలించి అర్పిస్తాడు. రెండవ కన్ను ఇవ్వబోతూ గుర్తు కోసం దేవుని కంటి దగ్గర కాలు మోపుతాడు. ఆచారం దృష్టిలో అది అపచారం. శివుని దృష్టిలో అది పరమభక్తి. చేష్టకు అర్థం నిర్ణయించినవాడు నేరుగా దైవమే కావడం వల్ల తిన్నడు కన్నప్ప కాగలిగాడు.

గుర్రం జాషువ గబ్బిలంలో (1941) కథానాయకుడికి ఆ అవకాశం లేదు. దర్శనమంటే భక్తుడు దేవుణ్ణి చూడటమే కాక దేవుని చూపులో పడటం కూడా. అస్పృశ్యుడైనందున గుడి తలుపు దాటలేని అతడు ఆ రెండింటికీ దూరమయ్యాడు. అశుభమని లోకం ముఖం తిప్పుకొనే గబ్బిలానికి గుడిలో ప్రవేశం ఉంది గనుక, అర్చకుడు లేని వేళ చూసి తన గోడు శివుడికి విన్నవించమని దాన్ని వేడుకొంటాడు. తిన్నడికీ దేవునికీ మధ్య ఎవరూ అడ్డు నిలువలేదు. ఇక్కడ అర్చకుడు నిలిచాడు. సందేశకావ్య ప్రక్రియను జాషువ ఎన్నుకోవడంలోని ఔచిత్యం ఇక్కడే తెలుస్తుంది. మేఘసందేశంలో యక్షుణ్ణి ప్రియురాలికి ఎడంచేసింది శాపవశాన కలిగిన దూరం. గబ్బిలంలో దూరాన్ని కల్పించింది మనుషులు. ఆ నాయకుడు చూపు ఎత్తకపోవడాన్ని తెలుగు సంస్కృతిలోని వినయంగా వ్యాఖ్యానిస్తే, కావ్యం ఎత్తిచూపిన అన్యాయాన్నే మర్యాదగా మార్చినవారమవుతాము.

ముగింపు

ఈ చర్చకు ప్రయోజనం మన తరగతి గదులలోనే ఉంది. మౌఖిక పరీక్షలో, ఉద్యోగ ముఖాముఖిలో నేలచూపులు చూసే విద్యార్థికి ఆత్మవిశ్వాసం లేదని మార్కులు తగ్గించడం ఒక పొరపాటు. అది అతని సంస్కృతి అని సరిపెట్టుకోవడం రెండవ పొరపాటు. మొదటిది అతనిని అపార్థం చేసుకొంటుంది. రెండవది తలదించుకోవడం నేర్పిన చరిత్రను మరుగుపరుస్తుంది. చూపును కొలిచే మార్కులను మూల్యాంకనం నుంచి తొలగించి, జవాబులోని విషయాన్ని రాబట్టే మరొక ప్రశ్న అడగడం పరీక్షకుని కనీస బాధ్యత. పరిశోధకులు సైతం తెలుగువారు ఎలా చూస్తారని అడగడానికి ముందు, ఏ తెలుగువారు, ఎవరిని, ఎవరి సమక్షంలో అన్న ప్రశ్నలు వేసుకోవాలి. చూపు దించుకొన్నవారి వైపు నుంచి చూపును చదివినప్పుడే ఈ అధ్యయనానికి సమగ్రత చేకూరుతుంది.