సంపాదకుడి జవాబు

ఇబ్రహీంపూర్ లాంటి ఊళ్లో కూర్చుని తొలి పుస్తకం అచ్చేయించుకున్న కవి, చేదు సమీక్ష చదివి కుంగిపోతే సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి గారి పనితనాన్ని తలచుకోవాలి. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒక పండితుడు తేల్చేస్తే, సురవరం వాదులాటతో ఆగలేదు. జిల్లాల నుంచి పద్యాలు సేకరించి, 354 మంది కవులను ఒక్కచోట చేర్చి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. ఎవరిది ఏ ఊరో కనుక్కోవడం, రాతప్రతులు సరిచూడటం, ప్రూఫులు దిద్దడం సంపాదకుడి నిత్యకృత్యాలు. చప్పట్లు పడని పనులవి. మాటకు బలమిచ్చేవి మాత్రం అవే.

సమీక్షకుడు పట్టిన తప్పు నిజమైతే రెండో ముద్రణలో దిద్దుకోవాలి. నోటికొచ్చినట్టు రాశాడంటారా? ఆధారాలతో మరో పుస్తకం వేయండి. గోలకొండ సంచిక పేరు ఈనాటికీ నిలిచే ఉంది.