పిడుదు తీసే చేయి

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో కుక్కలకు స్నానం చేయించి, బొచ్చు దువ్వే మనిషి పనితనం ఆషాఢంలో చూడాలి. ఎర్రనేల తడిసి ఉక్కపోసే ఆ రోజుల్లో పిడుదులు విజృంభిస్తాయి. చెవుల వెనక, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో ఓపిగ్గా తడుముతాడు. దొరికినదాన్ని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగుతాడు. కిరోసిన్ పూయడు, అగ్గిపుల్లతో కాల్చడు. పిడుదు కాటుతో వచ్చే ఎర్లీకియా, బబీసియా జబ్బులు ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే ఈ ఓపికను నేను వైద్యంతో సమానంగా చూస్తాను.

వేసవిలో బొచ్చు కుక్కకు గుండు చేయమని అడిగేవాళ్లుంటారు. మంచి పనివాడు ఒప్పుకోడు. రెండు పొరల బొచ్చు ఎండ తగలకుండా కాస్తుంది. ఊడే లోపలి నూగును దువ్వితే చాలు. పిల్లి దగ్గర మరింత జాగ్రత్త: కుక్కల పిడుదు మందుల్లో ఉండే పెర్మెత్రిన్ దానికి విషం. మనం వేసుకునే పారాసిటమాల్ కూడా అంతే.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ తెలుగువాళ్లు స్థిరపడిన ఊరు ఖరగ్‌పూర్. మన దీపావళి, బెంగాలీల కాళీపూజ కలిసి వస్తే టపాసుల మోత చెప్పనక్కర్లేదు. చీకటి పడకముందే కుక్కను తిప్పి తెచ్చి, అన్నం పెట్టి, కిటికీలు మూసిన లోపలి గదిలో ఉంచమంటాడు. బెదిరి పారిపోతే దొరికేలా మెడపట్టీ మీద ఫోన్ నంబరు రాయించారా అని మరీ మరీ అడుగుతాడు.