కునుకు పట్టని రాత్రికి ఏ పుస్తకం?

ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేనప్పుడో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియనప్పుడో అయినవాళ్ళు మన చేతిలో పెట్టే పుస్తకాలను గమనించారా? ధైర్యంగా ఎలా ఉండాలో, మనసును ఎలా అదుపులో పెట్టుకోవాలో చెప్పేవే ఎక్కువ. ఇచ్చేవాళ్ళ ప్రేమను నేను తప్పుపట్టను. కానీ తల నిండా దిగులున్న మనిషి పాఠం వినలేడు. అప్పుడు కావలసింది కథ చెప్పే మంచి గొంతు.

అలాగని కాలక్షేపానికి రాసిందల్లా పనికొస్తుందా అంటే, రాదు. మరీ పల్చటి పుస్తకమైతే కళ్ళు అక్షరాల మీద నడుస్తూనే ఉంటాయి, మనసు రేపు రాబోయే రిపోర్టు దగ్గరికి వెళ్ళి కూర్చుంటుంది. మరీ చిక్కనిదైతే నాలుగు పేజీలు తిప్పేసరికి ఎవరు ఎవరి కొడుకో గుర్తుండదు. హాయిగానూ ఉండాలి, పట్టి కూర్చోబెట్టాలి కూడా. ఈ రెండూ కుదిరిన పుస్తకాల కోసం నేను మొదట వెతికే చోటు ఒకటుంది. పత్రికల్లో వారం వారం వచ్చి, తర్వాత పుస్తకాలైన కథలు.

ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’ ఆంధ్ర వారపత్రికలో వచ్చింది. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ ఆంధ్రజ్యోతిలో. వంశీ ‘మా పసలపూడి కథలు’ స్వాతి వీక్లీలో, బాపు బొమ్మలతో. బస్సులోనో, పొయ్యి మీద అన్నం ఉడికేలోపో చదివే మనిషి కోసం రాసినవివి. పోయిన వారం కథ ఆ మనిషికి గుర్తుందన్న నమ్మకం లేదు. అందుకని రాసేవాడు కొద్ది పేజీల్లోనే కథ ఎత్తుకోవాలి, నడపాలి, దించేయాలి. ఊరూ మనుషులూ మాత్రం అవే. దిగులులో ఉన్నవాళ్ళకు చిక్కేది కూడా సరిగ్గా ఆ కాస్త సమయమే, ఆ కాస్త ధ్యాసే. మధ్యలో నర్సు పిలిచినా, ఫోను మోగినా పోయేదేమీ లేదు. తిరిగొచ్చి ఏ పేజీ తెరిచినా తెలిసిన మనుషులే పలకరిస్తారు.

మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ రాత్రిపూట పసలపూడి కథలు చదివి వినిపించేదాన్ని. ఆ కథల నిండా తిండి ఉంటుంది, కాలవ గట్లుంటాయి, ఊరి మీద బెంగ ఉంటుంది. అమ్మకు అప్పుడు నోటికి ఏమీ సయించేది కాదు. అయినా కూర సంగతి వచ్చినప్పుడల్లా “అది మళ్ళీ చదువే” అనేది. విని, అలా కాదు, మా పుట్టింట్లో ఇంకోలా వండేవాళ్ళని చెప్పేది. మందుల మాట కాకుండా మేమిద్దరం మాట్లాడుకున్నది ఆ కాసేపే.

ఊరటనిచ్చే పుస్తకంలో కష్టాలు ఉండకూడదని కొందరు అనుకుంటారు. నేను ఒప్పుకోను. నామిని కథల్లో ఉన్నది చిత్తూరు జిల్లా పల్లెలో చేతిలో పైసా ఆడని సంసారం. కానీ చెప్పేవాడికి ఆ మనుషుల మీద ఉన్న ఇష్టం ప్రతి వాక్యంలోనూ తెలుస్తుంది. ఆ ఇష్టమే మనల్ని పట్టుకుని నడిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులూ ఇలాంటి కథనే ఎంచుకున్నారు. 1943 నుంచి 1947 దాకా వాళ్ళ కోసం జేబులో పట్టే పేపర్‌బ్యాక్ పుస్తకాలు 1,300కు పైగా శీర్షికల్లో, 12 కోట్లకు పైగా ప్రతులు వేశారు. అన్నిటికన్నా ఎక్కువగా అడిగి చదివినవాటిలో బెట్టీ స్మిత్ నవల ‘ఎ ట్రీ గ్రోస్ ఇన్ బ్రూక్లిన్’ ఒకటి. అందులో తాగుడుకు బానిసైన తండ్రి, చాకిరీతో ఇల్లు నెట్టుకొచ్చే తల్లి, చదువు మీద ఆశ పెట్టుకున్న పిల్ల. యుద్ధభూమి నుంచి ఆ రచయిత్రికి ఉత్తరాలు వెల్లువెత్తాయి. ప్రాణభయంలో ఉన్నవాళ్ళకు ఆ పేద ఇంటి కథ ఆసరా అయింది.

కొత్త పుస్తకం ఎత్తుకునే ఓపిక కూడా లేని రోజులుంటాయి. అప్పుడు చదివిందే చదవాలి. మొక్కపాటి నరసింహశాస్త్రి నవల ‘బారిస్టర్ పార్వతీశం’లో మొగల్తూరు నుంచి బయల్దేరిన పార్వతీశం ఆడవాళ్ళ టోపీ కొనుక్కుంటాడని నాకు ముందే తెలుసు. తెలిసే చదువుతాను. రేపేమవుతుందో తెలియని రాత్రి, తర్వాతి పేజీలో ఏముందో తెలిసి ఉండటం చిన్న సంగతి కాదు. మొక్కపాటి వాక్యం ఎన్నిసార్లు చదివినా అరిగిపోదు కాబట్టి విసుగూ రాదు.

ఈసారి ఎవరినైనా చూడటానికి ఆస్పత్రికి వెళ్తే పళ్ళతో పాటు ఇలాంటి పుస్తకం ఒకటి పట్టుకెళ్ళండి. పడుకుని పట్టుకున్నా చెయ్యి నొప్పెట్టనంత తేలికగా ఉండాలి, అక్షరం పెద్దదై ఉండాలి. మంచం మీదున్నవాళ్ళకే కాదు, పక్కన కుర్చీలో రాత్రంతా కూర్చునేవాళ్ళకు కూడా అది అవసరం. వీలుంటే ఒక కథ మీరే చదివి వినిపించి రండి.