పెసూనాంబ చెబితే?

భోగినాడు మా నాలుగేళ్ళ మనవరాలికి భోగిపళ్ళు పోశాం. రేగిపళ్ళు, చిల్లర, పూరేకులు నెత్తిమీంచి జారుతుంటే అది గుక్కపట్టింది. "నవ్వవే, ఫోటో!" అని మేమంతా కేకలు.

మర్నాడు పక్కింటావిడతో చెబుతోంది: "నేనేం అల్లరి చెయ్యలేదు మామ్మగారూ. అయినా అందరూ నన్ను పళ్ళతో కొట్టారు!"

నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ముళ్ళపూడి వెంకటరమణగారి 'బుడుగు' మళ్ళీ తీశాను. దాని గొప్పంతా ఇక్కడే ఉందండీ. అమ్మ రాధ, నాన్న గోపాళం, బామ్మ, ప్రైవేటు మాస్టర్లు, అందర్నీ పిల్లాడి కళ్ళతో, పిల్లాడి మాటల్లోనే చూపించారు.

లోటల్లా ఒక్కటే. కథంతా బుడుగే చెబుతాడు. సీగాన పెసూనాంబ పక్కనే ఉంటుంది గానీ తన కథ తను చెప్పదు.

మా ఇంటి పెసూనాంబ చెప్పేసింది. వచ్చే భోగికి ముందు దాన్నే అడుగుతాను, పళ్ళు పొయ్యమంటావా అని.