చౌక మైక్రోకంట్రోలర్‌లో స్మృతి ఏర్పాటు: గుణదోష విచారణ

బందరుకు శాస్త్ర పరికరాలు కొత్త కావు. అక్కడ 1926లో వెలసిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో చేరింది. పరికరాన్ని వాడడమే కాక దాని లోపలి ఏర్పాటును విచారించడం కూడా ఆ ప్రాంతపు విద్యార్థులకు తగిన పని. ఆర్డ్యునో ఊనో బోర్డుపై వుండే అట్మెగా 328పి అనే ఎనిమిది బిట్ల మైక్రోకంట్రోలర్ అట్టి విచారణకు అనువైనది.

దీనిలో స్మృతి మూడు విధాలు. ప్రోగ్రాము నిలిచే ఫ్లాష్ 32 కిలోబైట్లు. ఇది అచ్చు పుస్తకం వంటిది. లెక్కలు సాగే ఎస్‌రామ్ 2 కిలోబైట్లే. ఇది పలక వంటిది, కరెంటు పోగానే చెరిగిపోతుంది. ఈఈప్రామ్ 1 కిలోబైటు. ఇది చిట్టా వంటిది, కరెంటు పోయినా వ్రాత నిలుస్తుంది. ప్రోగ్రాముకూ, దత్తాంశాలకూ వేర్వేరు దారులు వుండుటచేత ఒక ఆజ్ఞను నెరవేర్చుతూనే తరువాతి ఆజ్ఞను తెచ్చుకొనగలదు. ఇంత చౌక వస్తువులో ఇది మెచ్చదగిన గుణం.

దోషాలూ ఇక్కడే వున్నవి. “32 కిలోబైట్ల స్మృతి” అని ఒక్క మాటలో చెప్పితే విద్యార్థి పొరబడతాడు. ప్రోగ్రాములోని సందేశాలు, ప్రత్యేకంగా ఆదేశించనిదే, ఆరంభంలోనే ఎస్‌రామ్‌లోనికి నకలవుతాయి. “ఉప్పునీరు” అనే ఒక్క మాటకు యూటీఎఫ్-8 పద్ధతిలో 27 బైట్లు పడతాయి. చలరాశులు క్రింది చిరునామాల నుండి పైకి, స్టాకు పై నుండి క్రిందికి వస్తాయి. రెండూ ఢీకొంటే హెచ్చరించే కాపలా లేదు. పరికరం తప్పు లెక్క చెప్పవచ్చు, ఆగిపోవచ్చు. కారణం మాత్రం చెప్పదు.

దివిసీమలో కాలువనీటి ఉప్పదనాన్ని కొలిచే పరికరాన్ని ఒక పాఠశాల తయారుచేసినదనుకొనుడు. కొలత 0 నుండి 1023 వరకు వుంటుంది. ఒక బైటులో 255కు మించి పట్టదు. రెండు బైట్లు కేటాయించనిచో 600 అనే కొలత 88గా నమోదవుతుంది. ఉప్పునీటిని మంచినీరని నమ్మి చేనికి పెట్టిన రైతుకు అది పంటనష్టం. మరొకటి: ఈఈప్రామ్‌లో ఒక్కొక్క గడికి లక్ష వ్రాతలు పరిమితి. నిమిషానికొకసారి అదే గడిలో వ్రాస్తే, రోజుకు 1,440 చొప్పున 69 రోజులకే అది తీరుతుంది. సార్వా నాట్లకు అమర్చిన పరికరానికి కోతల వరకైనా భరోసా వుండదు. గంటకొకసారి వ్రాస్తే 11 సంవత్సరాలు దాటుతుంది.

ఈ దోషాలు తెలిసి వాడినవారికి దీని వెల తక్కువ, ఉపయోగం ఎక్కువ. తీగలు కలపకముందే మూడు స్మృతుల పటం గీయించి, ఏ అంకె ఎక్కడ నిలవాలో వ్రాయించే ఉపాధ్యాయుని తరగతికి ఈ రెండు కిలోబైట్లు చాలును.