శంకరుడు కాకుంటే శంభుడు

మా ఊళ్లో అష్టావధానం జరిగితే నిషిద్ధాక్షరి కుర్చీ నాకివ్వమని నేనే అడుగుతాను. సమస్య ఇచ్చేవారు, దత్తపది ఇచ్చేవారు తమ ప్రశ్న అడిగేసి పూరణ కోసం ఎదురుచూస్తారు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడికి ఆ వెసులుబాటు లేదు. అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే, తరవాత ఏది రాబోతోందో ఊహించి అది వద్దనాలి. ఆయన దాన్ని వదిలేసి మరో అక్షరంతో, అర్థం చెడకుండా, ఛందస్సు తప్పకుండా ముందుకు సాగాలి. ఒకే భావాన్ని వేరే మాటల్లో చెప్పడమంటే ఏమిటో కళ్లెదుట చూడాలంటే ఇంతకు మించిన చోటు లేదని నా నమ్మకం.

శివుడి మీద కంద పద్యం అడిగామనుకోండి. అవధాని 'శం' అన్నారు. పృచ్ఛకుడు 'క' వద్దంటాడు. శంకరుడు పోయాడు. అవధాని 'భు' అంటారు. శంభుడు వచ్చాడు. దేవుడు మారలేదు, గురువు తరవాత లఘువన్న లెక్కా మారలేదు. పైకి ఏమీ జరగనట్టే ఉంటుంది. కానీ రెండో అక్షరం ప్రాసస్థానం. ఇక నాలుగు పాదాల్లోనూ అక్కడ సున్న తరవాత భకారమే రావాలి. 'క' మిగిలి ఉంటే లంకేశుడు, కింకరుడు, జంకు చేతికందేవి. పద్యం కైలాసాన్ని ఎత్తిన రావణుడి వైపు నడిచేదేమో. ఇప్పుడు దొరికేవి అంభోధి, జంభారి, గంభీరం. ఇవి పాలకడలి వైపు, దాన్ని చిలకబోయిన ఇంద్రుడి వైపు, హాలాహలం వైపు లాగుతాయి. ఒక్క అక్షరం కాదన్నందుకు కథే మారిపోయింది.

ఇంకొక్క అక్షరం చూద్దాం. కందంలో గణం నాలుగు మాత్రలది కాబట్టి 'శంభు' తరవాత లఘువే పడాలి. పృచ్ఛకుడు 'ని' వద్దన్నాడు. 'శంభుని కొలుతును' అందామనుకున్న అవధాని 'డు' వేసి 'శంభుడు కాచును' అన్న వైపు మళ్లుతారు. మొదటి దానిలో కర్త భక్తుడు, రెండో దానిలో దేవుడు. శరణు వేడటం అదే, కాకపోతే అటు నుంచి చెప్పారు. ఈ మలుపు వచ్చినప్పుడు నా చేతిలో కలం కాసేపు ఆగిపోతుంది. అంత ఇష్టం నాకిది.

అమరకోశం నోటికొస్తే చాలు, ఇది పెద్ద పని కాదని చాలామంది అనుకుంటారు. అమరం కావాలి. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమూ కావాలి, అడిదము సూరకవి ఆంధ్రనామశేషమూ కావాలి. అయితే వాటి సాయం కొంతవరకే. తామరకు నీరజం, వారిజం, అంబుజం అని పేర్లున్నాయి. నీరజ, వారిజ, అంబుజ మూడూ భగణాలే, ఒకదాని చోట ఒకటి చక్కగా ఇముడుతుంది. కానీ అవధాని 'నీ' అనేశాక 'ర' వద్దంటే వారిజం ఎందుకు పనికొస్తుంది? నోరు దాటిన అక్షరం వెనక్కి రాదు. అక్కడ పర్యాయపదం కాదు, భావం ఆదుకోవాలి. 'నీటను బుట్టిన' అని ఎత్తుకుంటే తామర మళ్లీ చేతికొస్తుంది. సంస్కృత సమాసంలో ముడుచుకుని ఉన్నది తెలుగులో విప్పుకుంది. వినడానికి నాకు రెండోదే బాగుంటుంది.

పృచ్ఛకుడికీ పద్యం కట్టడం రావాలి. రానే రాని అక్షరాన్ని వద్దంటే ఆట సాగదు. అవధాని ఆలోచనతో పాటు నడుస్తూ, ఆయన వేయబోయే అడుగు ముందే చూడాలి. తిరుపతి వేంకట కవులు జంటగా అవధానాలు చేసేటప్పుడు ఒకరు ఆపిన చోట రెండోవారు అందుకునేవారట. మాటలు ఇద్దరివైనా భావం ఒక్కటే కాబట్టి అది కుదిరింది. 1920లో తిరుపతిశాస్త్రి కన్నుమూశాక కూడా వేంకటశాస్త్రి జంట పేరుతోనే రాయడం నాకు అందుకే సహజంగా తోస్తుంది.

నేను తెలుగు చెప్పే డిగ్రీ తరగతిలో దీన్ని వచనంలో ఆడిస్తాను. వాన మీద రాయాలి. వాన, వర్షం, మబ్బు, చినుకు, తడి అన్న మాటలు నిషేధం. పిల్లలు మొదట నిఘంటువు తిరగేసి 'వృష్టి' పట్టుకొస్తారు. దాన్నీ నిషేధిస్తాను. ఒకసారి ఒకమ్మాయి ఇలా రాసింది: "అమ్మ దండెం మీది బట్టలు లాక్కొచ్చి మంచం మీద పడేసింది. నాన్న గోనెసంచి నెత్తిన కప్పుకుని పొలం నుంచి పరుగున వచ్చాడు." తరగతిలో ఎవరూ ఇది దేని గురించని అడగలేదు.

ఈమధ్య కొన్ని సభల్లో నిషేధం రెండు పాదాలకే పెట్టి, మిగతా సగం అవధానికి వదిలేస్తున్నారు. సమయం చాలదంటారు. మొదటి పాదాల్లో అవధానికి ఎటైనా తిరిగే వీలుంటుంది. మూడో పాదం వచ్చేసరికి ప్రాస స్థిరపడిపోయింది, కథ ఒక దారి పట్టింది, వాక్యం ముగింపు అడుగుతోంది. మాట దొరక్కపోయినా భావం నిలబడుతుందా లేదా అన్నది తేలేది అక్కడే. సభ నడిపే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఉపన్యాసాల్లో ఒకటి తగ్గించి, నాలుగు పాదాలకూ నిషేధం ఉంచండి.